కిటికీ లేని గదిలో కుర్చీ

ఇల్లు, మేడ మీది గది
జూన్

పిన్నీ,

నువ్వెళ్ళి నెల దాటింది. ఫోన్ లేదు, మెసేజ్ లేదు. అలిగావనుకున్నా. మొన్న అమ్మ చెప్పింది, మీ ఆఫీసు గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారట, నీకేం చెప్పాలన్నా ఉత్తరమే దిక్కట. ఉత్తరం! స్టాంపు ఏ మూల అంటించాలో కూడా నాకు తెలీదు. పోస్టాఫీసులో అడిగితే కౌంటర్ ఆవిడ కళ్ళజోడు పైకి తోసి మరీ చూసింది నన్ను.

అసలు సంగతి విను. నిన్న పేపర్లో నీ ఫోటో! "నౌకాదళానికి కొత్త ఫ్రిగేట్లు, ఆకాశం నుంచి వచ్చే దాడుల్ని ఆపే యుద్ధనౌకలు, డిజైన్ పని మొదలు" అని వార్త. కింద గ్రూప్ ఫోటోలో వెనక వరసలో ఎవరి భుజం మీంచో సగం తల కనిపిస్తోంది. ఆ జుట్టు నాకు తెలీదా? ఒక్క అరుపు అరిచా. కింద హాల్లో నాన్న పిల్లలకి పాట నేర్పుతున్నాడు, అందరూ టక్కున ఆగిపోయారు. నాన్న పైకి ఒక చూపు చూసి మళ్ళీ పాట ఎత్తుకున్నాడు. తిట్టినా బాగుండేది.

నాకన్నీ చెప్పు. ఎంత పెద్ద ఓడ? మిసైల్ వస్తుంటే దానికెలా తెలుస్తుంది? నువ్వు అందులో ఏ ముక్క గీస్తున్నావు?

ఇంకో వార్త. నేవీ క్యాడెట్ కోర్సుకి అప్లై చేశా! రాత పరీక్ష ఆగస్టులో, మెడికల్ డిసెంబర్లో. నాన్న కాగితం మీద సంతకం పెట్టాడు గానీ నా మొహం చూడలేదు. నేను పాట మానేసినప్పటి నుంచీ ఇంతే. నాకు ఇది రావాలి పిన్నీ. ఇది రాకపోతే ఏం చేస్తానో నేను అసలు ఆలోచించలేదు, ఆలోచించను కూడా.

ఒకటి అడగనా? మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. నీకు తెలీదులే. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చి ఆ పిల్లకి ఒక చెవి వినపడ్డం మానేసింది. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. తనూ నేవీకి అప్లై చేసింది. చేర్చుకుంటారా? ఊరికే అడుగుతున్నా.

నీ బొంగరం

* * *

ఓడల కార్ఖానా గెస్ట్ హౌస్
జూలై

ప్రియమైన బొంగరం,

నీ ఉత్తరం చూసి ఎగిరి గంతేశా. ఇక్కడ గంతేస్తే కింది గదిలో ఉండే, ఓడ బరువు లెక్కలు చూసే ఇంజనీరు కర్రతో పైకప్పు కొడతాడు.

ముందు ఒక హెచ్చరిక. ఇక్కడికొచ్చే, ఇక్కణ్ణుంచి పోయే ప్రతి ఉత్తరాన్నీ సెక్యూరిటీ ఆఫీసరు ఒకాయన చదువుతాడు. చెప్పకూడనిది కనిపిస్తే నల్ల సిరాతో కొట్టేస్తాడు. ఆయన్ని మేమంతా కత్తెర గారంటాం. ఈ వాక్యం కూడా చదువుతున్నాడు. నమస్కారమండీ.

ఓడ ఎంత పెద్దదన్నావు. పొడవు ■■■ మీటర్లు. చూశావా? నేను చెప్పలేదా!

సరే, చెప్పగలిగేది చెప్తా. నువ్వు మేడ మీంచి చూస్తే వీధి మలుపులో బస్సు కనిపిస్తుంది. గుమ్మంలోంచి చూస్తే కనిపించదు. ఓడకీ అంతే. నీళ్ళకి ఆనుకుని దూసుకొచ్చే మిసైల్ ముందుగా కనిపించాలంటే రాడార్ ఎత్తున ఉండాలి. ఎంత పైన పెడితే అంత ముందు తెలుస్తుంది, కొన్ని సెకన్లు. ఓడలో ఉన్నవాళ్ళందరూ బతికేది ఆ సెకన్లలోనేనే. కానీ రాడార్ మహా బరువు. తల మీద నిండు బిందె పెట్టుకుని చిన్న పడవలో నుంచుంటే ఏమవుతుంది? అందుకే మా ఆఫీసులో రోజూ యుద్ధమే. ఇవాళ పొద్దున జరిగింది వినుకో.

"ఒక్క మీటరు ఇవ్వండి. ఇంకేం అడగను," అన్నాడు రాడార్ ఇంజనీరు.

"పోయినవారం కూడా ఇంకేం అడగనన్నారు," అన్నాడు బరువులాయన.

"ఎత్తు లేకపోతే నాకేం కనిపిస్తుందండీ?"

"ఎత్తిచ్చాక ఓడ బోర్లా పడితే చేపలు కనిపిస్తాయి. దగ్గర్నుంచి చూసుకోవచ్చు."

ఇద్దరూ మళ్ళీ ఒకే బల్ల మీద టీ తాగుతారు.

నా ముక్క ఏంటంటావా? ఓడకి మెదడు లాంటి గది. దానికి కిటికీలుండవు. ఆకాశమంతా చూసే గది ఓడ కడుపులో, చీకట్లో ఉంటుంది. తెరలు, కుర్చీలు, చెవులకి హెడ్‌ఫోన్లు, అంతే. దాన్ని కాయితం మీద గీసి ఊరుకోం. పాత రంగుల షెడ్డులో ప్లైవుడ్‌తో నిజమంత గది కట్టేశాం! తలుపు, గడప, కుర్చీ అన్నీ అసలు కొలతలే. నిజం నావికులొచ్చి అందులో కూర్చుని ఉత్తుత్తి దాడులు ఎదుర్కొంటారు. మోచెయ్యి ఎక్కడ తగులుతోంది, ఎవరి మాట ఎవరికి అందట్లేదు, అన్నీ చూసుకుని మార్చేస్తాం. నవంబర్లో డిజైన్‌కి తాళం పడుతుంది. ఆ తర్వాత గీత కదపడానికి లేదు.

నడిమధ్య కుర్చీ అన్నిటికన్నా ముఖ్యం. అందులో కూర్చున్నవాడికి ఎడమ చెవిలో సొంత ఓడ మనుషుల గొంతు, కుడి చెవిలో చుట్టుపక్కల ఓడల గొంతు. రెండూ ఒకేసారి వింటూ దేనికి ముందు బదులియ్యాలో తేల్చాలి.

అందుకే మీ క్లాసమ్మాయి సంగతి కష్టమే. మెడికల్లో రెండు చెవులూ చూస్తారు. సముద్రం మీదికి పంపరు. నా గదిలోనైతే అస్సలు కుదరదు, ఒక చెవితో అక్కడ కూర్చుంటే సగం ఆకాశం వదిలేసినట్టే. మెల్లగా చెప్పు పాపం. ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళమను.

నీ పరీక్షకి బాగా చదువు. నాకు గర్వంగా ఉందే!

పిన్ని

* * *

ఇల్లు, మేడ మీది గది
ఆగస్టు

పిన్నీ,

ఆ అమ్మాయికి చెప్పా. ఏం పర్లేదంది.

రాత పరీక్ష బాగా రాశా. చాలా బాగా. పాసైపోతా, నాకు తెలుసు. బయటికొచ్చాక అందరూ ఎగురుతున్నారు, నేనూ ఎగిరా.

నీ కిటికీ లేని గది గురించి నాలుగుసార్లు చదివా. అట్టపెట్టెతో నేనూ ఒకటి కట్టా, చెప్పుల పెట్టెలో. అగ్గిపుల్లల కుర్చీలు. నడిమధ్య కుర్చీకి ఎర్ర రంగేశా. అమ్మ చూసి "ఇదేంటే, బొమ్మల పెళ్ళా?" అంది. "ఓడ మెదడమ్మా," అన్నా. "ముందు నీ మెదడు సంగతి చూసుకో, పాలు పొంగిపోయాయి, పక్కనే ఉండి వినపడలేదా?" అంది. పాలు నాకు ఎడమ పక్క పొంగాయి. అంటే, నేను అటు చూడట్లేదు.

కత్తెర గారూ, మీరు బాగున్నారా? రోజంతా వేరేవాళ్ళ ఉత్తరాలు చదువుతుంటే మీకు బోర్ కొట్టదా? నా స్పెల్లింగులు చూసి నవ్వకండి, స్కూల్లో మాకు తెలుగు వారానికి రెండే పీరియడ్లు.

పిన్నీ, ఇంకొక్కటే. ఆ అమ్మాయి అంటోంది, ఇప్పుడు రెండో చెవిలో కూడా ఏదో రొద వస్తోందట, దూది కుక్కినట్టు ఉంటోందట. ఒకటి పోతే రెండోది కూడా పోతుందా? వద్దులే. నీకెలా తెలుస్తుంది, నువ్వు ఓడల ఇంజనీరువి. డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుంది, మెడికల్లో తెలిసిపోతుంది, అన్నీ పోతాయి. అందుకే వెళ్ళదట.

ఇంకా రాయి. గది గురించి అన్నీ రాయి.

బొంగరం

* * *

ఓడల కార్ఖానా గెస్ట్ హౌస్
అక్టోబర్

ప్రియమైన బొంగరం,

ఆలస్యమైంది, తిట్టుకో. పరీక్ష పాసయ్యావని అక్క రాసింది, నిన్ను ఎత్తుకుని తిప్పాలనుంది, కానీ ఇక్కడ నా గది మునిగిపోతోంది. ఓడ కాదు, గదే.

నడిమధ్య కుర్చీలో కూర్చోడానికి నౌకాదళం ఒక పెద్దాయన్ని పంపింది. అందరూ ఆయన్ని చీఫ్ అంటారు. ఇరవై ఏళ్ళకి పైగా ఫిరంగుల పక్కన, తెరల ముందు బతికిన మనిషి. ఆ కుర్చీ పని ఆయనకన్నా తెలిసినవాడు మొత్తం నౌకాదళంలో లేడట. మనిషి చాలా సరదా. ఎవరైనా జోకు వేస్తే అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా నవ్వుతాడు. ఎక్కడ నుంచున్నా గోడ తన కుడి పక్కనే ఉండేట్టు నుంచుంటాడు. పిలిస్తే తల తిప్పడు, మనిషే మొత్తం తిరుగుతాడు. నువ్వు మనింట్లో ఎప్పుడూ అందరి చుట్టూ తిరిగి అటుపక్కకెళ్ళి నుంచుంటావు చూడు, అలా. "మా ఇంట్లోనూ ఒక బొంగరం ఉందండీ," అన్నా. నవ్వాడు, గట్టిగా.

అలాంటి మనిషి మూడు ఉత్తుత్తి దాడుల్లోనూ ఓడిపోయాడు. మూడుసార్లూ పక్క ఓడ ముందే హెచ్చరించింది. మూడుసార్లూ ఆయన పట్టించుకోలేదు. మిసైల్ వచ్చి తగిలింది (తెర మీదేలే). కుడి వైపు హెడ్‌ఫోన్ అరచేత్తో అదిమి పట్టుకుంటాడు, మేం సౌండు పెంచాం, ఇంకా పెంచాం, లాభం లేదు.

కమిటీ మీటింగులో పెద్ద సారు తేల్చేశాడు. "చీఫే చెయ్యలేకపోతే ఇంకెవరూ చెయ్యలేరు. తప్పు గదిది. ఇన్ని గొంతులు ఒక్క గదిలో పెట్టారు మీరు. రెండు చెయ్యండి. రెండోది పైన కట్టండి."

పైన కడితే ఆ బరువుకి రాడార్ కిందికి దిగాలి. బరువులాయనకి వేరే దారి లేదు. రాడార్ దిగితే మేం సంపాదించుకున్న సెకన్లు పోతాయి. రాడార్ ఇంజనీరు టీ తాగకుండా వెళ్ళిపోయాడు, అదే మొదటిసారి. చీఫ్ గుమ్మం దగ్గర నుంచుని "అమ్మా, గది మంచిదే," అన్నాడు నాతో.

నెలాఖరులో ఆఖరి ట్రయల్. అదీ పోతే రెండు గదులే, తాళమే. నాకు ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదే. కుర్చీని ఎన్నిసార్లు జరిపానో.

మీ ఫ్రెండు డాక్టరు దగ్గరికి వెళ్ళిందా? రొద వస్తోందంటే ఆలస్యం చెయ్యకూడదు.

పిన్ని

* * *

ఇల్లు, మేడ మెట్లు
అక్టోబర్, నీ ఉత్తరం అందిన రోజే

పిన్నీ,

మెట్ల మీదే కూర్చుని రాస్తున్నా, పైకి వెళ్ళేదాకా ఆగలేను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

నీ గది తప్పు కాదు! కుర్చీ తప్పు కాదు! చీఫ్‌కి కుడి చెవి వినపడదు!

నాకెలా తెలుసో చెప్తా. కత్తెర గారూ, దయచేసి కింది పేరా చదవకండి. ఇందులో ఓడ రహస్యం ఏమీ లేదు, ఒట్టు. ఇది నాది.

మా క్లాసులో అలాంటి అమ్మాయి ఎవరూ లేరు పిన్నీ. నేనే. ఎడమ చెవి. జోకు నాకు సగమే వినపడుతుంది, అందరి మొహాలూ చూసి నవ్వుతా, అందుకే ఆలస్యం. ఆలస్యమైందని తెలియకుండా గట్టిగా నవ్వుతా. గోడ ఎడమ పక్క పెట్టుకుంటే అటు నుంచి ఎవరూ పిలవరు. నేను మీ చుట్టూ తిరిగేది సరదాకి కాదు. నాన్న ఎప్పుడూ నాకు ఎడమ పక్కన కూర్చునే పాట నేర్పేవాడు, ఆయన ఎప్పుడు ఆపాడో, నేనెప్పుడు అందుకోవాలో తెలిసేది కాదు. శ్రద్ధ లేదన్నాడు. మానేశా. ఇప్పుడు కుడి చెవిలో రొద. దిండుకి కుడి చెవి ఆనిస్తే ఇల్లంతా ఆగిపోతుంది. ఒక్కోసారి కావాలనే అలా పడుకుంటా, రెండోది కూడా పోతే ఎలా ఉంటుందో ముందే అలవాటవుతుందని. భయమేస్తోంది పిన్నీ. చాలా.

అయిపోయింది. కత్తెర గారూ, ఇక్కణ్ణుంచి చదవొచ్చు.

చీఫ్‌ని అందరి ముందూ అడక్కు. ప్లీజ్. ఓడ మీంచి దింపేస్తారన్న భయంతోనే ఆయన ఎవరికీ చెప్పట్లేదు, నాకు తెలుసు. ఇలా చెయ్. రెండు గొంతులూ తారుమారు చెయ్. పక్క ఓడల గొంతు ఎడమ చెవికి, సొంత ఓడది కుడికి. మామూలు ట్రయల్ అని చెప్పు, ఎవరికీ అనుమానం రాదు. ఈసారి ఆయన పక్క ఓడల్ని చక్కగా విని సొంతవాళ్ళని వదిలేస్తే నేను చెప్పింది నిజం.

ఇంకోటి! ఇది రాస్తుంటేనే తట్టింది. నువ్వు రెండు చెవులున్నవాళ్ళనే తీసుకుంటాం అన్నావు. సరే. యుద్ధంలో పక్కనే ఏదైనా పేలితే? అప్పుడు అందరివీ రెండు చెవులూ పనిచేస్తాయా? ఆ నిమిషంలో నీ గది ఏం చేస్తుంది? నేను క్లాసులో బెల్ చెవితో వినను. బెంచీ మీద అరచెయ్యి పెడతా, అది జిర్రుమంటుంది. కుర్చీకి అలా పెట్టకూడదా? కుడి గొంతు పిలిస్తే కుర్చీ కుడి పక్క జిర్రుమనాలి. ఎడమదైతే ఎడమ. తెర అంచున ఒక లైటు. అప్పుడు చెవి ఉన్నా లేకపోయినా పిలిచినట్టు తెలుస్తుంది, అటు తిరిగి చూస్తారు!

నాకు ఇప్పుడు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలీట్లేదు. పోస్టు డబ్బా దగ్గరికి పరిగెత్తుతున్నా, ఆగితే చింపేస్తానేమో.

బొంగరం

* * *

ఓడల కార్ఖానా గెస్ట్ హౌస్
నవంబర్

నా తల్లీ, నా బొంగరం,

ముందు నీ ఉత్తరం ఎలా వచ్చిందో చెప్పాలి. నువ్వు చదవొద్దన్న పేరా మీద చిన్న తెల్లకాయితం పిన్ను చేసి ఉంది. దాని మీద నల్ల సిరాతో రెండే మాటలు: "నేను చదవలేదు." సంతకం. చదవకుండా ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో ఎలా తెలిసిందండీ అని అడుగుదామనుకున్నా. మర్నాడు గేటు దగ్గర కనిపించి, నేల చూస్తూ, "మీ అమ్మాయి జాగ్రత్తండీ," అన్నాడు. అడగలేదు.

ఆ పేరా చదివి నేను వాష్‌రూంలోకి వెళ్ళి తలుపేసుకున్నా. ముందు రాసిన రెండు ఉత్తరాల్లోనూ చెప్పావు నువ్వు. నేను నీకేం రాశానో గుర్తొస్తే నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపించింది. ఇల్లంతా నా చుట్టూ తిరుగుతున్న పిల్లకి ముద్దు పేరు పెట్టా గానీ ఎందుకు తిరుగుతున్నావని అడగలేదు.

ఇప్పుడు ట్రయల్. నువ్వు చెప్పినట్టే చేశా. తారుమారు. ఎవరికీ చెప్పలేదు.

మొదటి దాడి. పక్క ఓడ హెచ్చరించగానే చీఫ్ మెరుపులా అందుకున్నాడు! పెద్ద సారు కుర్చీలోంచి లేచాడు. ఆ వెంటనే సొంత ఓడ కుర్రాడు ఎంత పిలిచినా చీఫ్ కదల్లేదు. నేను ఒక్కదాన్నే ఆయన మొహం చూస్తున్నా. ఆయన నా మొహం చూశాడు. తెలిసిపోయింది ఇద్దరికీ.

అందరూ టీకి వెళ్ళాక ఆగాడు.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా బొంగరం. మా అక్క కూతురు."

"నన్ను చూడనే లేదుగా?"

"చూడక్కర్లేదట."

హెడ్‌ఫోన్ తీగ వేలికి చుట్టుకున్నాడు. "ఆ పిల్లకి ఏ చెవి?"

"ఎడమ."

"నాది కుడి." అప్పుడు నవ్వాడే, ఆలస్యం లేకుండా. "ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఒక నిండు మనిషి."

ఆయనే కమిటీ ముందుకెళ్ళి చెప్పాడు. నేను వద్దన్నా ఆగలేదు. "గది తప్పు కాదు సార్. నేను దాచాను," అన్నాడు. తర్వాత నీ ప్రశ్న అడిగాడు, నువ్వు రాసినట్టే: "పక్కనే ఏదైనా పేలితే ఎవరి చెవులు పనిచేస్తాయి సార్?" కుర్చీ జిర్రుమనే సంగతీ చెబితే, చేసి చూపించండన్నాడు పెద్ద సారు! వడ్రంగి సాయంతో ఒక్క పూటలో కుర్చీకి మెత్త కుట్టించాం, రెండు పక్కలా చిన్న మోటార్లు పెట్టాం. చీఫ్ కూర్చున్నాడు. కుర్చీ జిర్రుమంటే అటు తిరుగుతాడు, తెర చూస్తాడు, బదులిస్తాడు. ఒక్కటంటే ఒక్క మిసైల్ తగల్లేదు! తర్వాత రెండు చెవులూ ఉన్న కుర్రాళ్ళని కూర్చోబెట్టి కావాలని హెడ్‌ఫోన్ ఒకవైపు కట్ చేశాం. వాళ్ళూ గెలిచారు! షెడ్డంతా ఈలలు.

రెండో గది లేదు. రాడార్ కిందికి దిగదు. మోటార్ల బరువెంతని అడుగుతాడేమో అని నేను భయపడుతుంటే బరువులాయన చెయ్యెత్తి, "అది నా ఖాతాలో రాసుకోండి. ఎవరూ నోరెత్తకండి," అన్నాడు. రాడార్ ఇంజనీరు మళ్ళీ టీ తాగుతున్నాడు.

చీఫ్‌ని ఓడ మీంచి దింపారు, నిజమే. తాళం పడ్డా ప్లైవుడ్ గది ఉంటుంది, కొత్తవాళ్ళకి అందులోనే నేర్పుతారు. ఆ గది ఆయనకి అప్పజెప్పారు. గొణుగుతూనే తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు నీ వంతు. ముందు నాన్నకి చెప్పు. నేను ఫోన్ చేయించి చెప్పించగలను, చెయ్యను. అది నీది.

పిన్ని

* * *

ఇల్లు, కింది హాలు
డిసెంబర్

పిన్నీ,

చెప్పా!

పిల్లలందరూ వెళ్ళాక నాన్న పక్కన కూర్చున్నా. ఆయన అలవాటుగా నాకు ఎడమ వైపు. "నాన్నా, ఇటు నుంచి మాట్లాడితే నాకు వినపడదు," అన్నా. ఒక్క వాక్యమే. దానికి రెండేళ్ళు పట్టింది.

"ఎప్పటి నుంచే?"

"జ్వరం వచ్చినప్పటి నుంచి."

ఆయన లోపల లెక్క వేసుకోవడం కనిపించింది, పాట మానేసింది కూడా అప్పుడే కదా అని. లేచాడు. నా వెనక నుంచి తిరిగొచ్చి కుడి పక్కన కూర్చున్నాడు. "పాట నచ్చక మానేశావనుకున్నా. నేను నచ్చక అనుకున్నా," అన్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

అమ్మ ముందు ఏడ్చి, తర్వాత తిట్టి, మళ్ళీ ఏడ్చి, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంది. అన్నీ ఒకే గుక్కలో.

డాక్టరమ్మ ఎడమ చెవి చూసింది. నరం పోయిందట, ఇక రాదట. తర్వాత కుడి చెవిలో లైటు వేసి "ఊఁ" అంది. నా ప్రాణం అక్కడే పోయింది. ఏదో పరికరం పెట్టి లాగింది. పిన్నీ, గుబిలి! గుబిలి ముద్ద! ఇన్నాళ్ళూ నేను చస్తూ బతుకుతున్నది గుబిలి కోసం! "ఇంకా ముందే రావాల్సిందమ్మా, ఐదు నిమిషాల పని," అంది. బయటికొస్తే లోకమంతా ఎవరో సౌండు పెంచినట్టుంది. నా చెప్పుల చప్పుడు కూడా వినపడింది. అమ్మ బ్యాగు జిప్పు! నవ్వుతూనే ఉన్నా దారంతా.

పోయినవారం నేవీ మెడికల్. వెళ్ళకపోయినా పర్లేదన్నారు ఇంట్లో. వెళ్ళా. చెవులు చూసే డాక్టరు పరికరం తియ్యకముందే చెప్పేశా. ఆయన పెన్ను ఆగింది.

"సముద్రం మీదికి కుదరదమ్మా."

"తెలుసండీ."

"తెలిసి ఎందుకొచ్చావు?"

"మీరు కనిపెట్టేలోపు నేనే చెబుదామని."

బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చా. బాగానే ఏడ్చా. తర్వాత లేచి నాన్న దగ్గరికెళ్తే ఆయన ముందే చూసుకుని నా కుడి పక్కకొచ్చాడు, పర్లేదే, రోడ్డు దాటేటప్పుడు మాత్రం నేనే ఆయన్ని లాగాల్సొచ్చింది, నా చెవి మీదే ధ్యాస, బస్సు చూసుకోలేదు.

ఓడ ఎప్పటికి నీళ్ళలోకి దిగుతుంది పిన్నీ? అప్పటికి నేను ఇంజనీరింగ్ అయిపోయి ఉంటానా? ఊరికే అడుగుతున్నా. ఈసారి నిజంగా నా కోసమే.

బొంగరం

* * *

ఓడల కార్ఖానా గెస్ట్ హౌస్
ఫిబ్రవరి

ప్రియమైన ■■■■■,

ఓడ నీళ్ళలోకి దిగేసరికి నువ్వు ఇంజనీరింగ్ అయిపోయి, మా ఆఫీసులో నాతో పోట్లాడుతూ ఉంటావు. మా ఓడలు అంత నెమ్మది. రాడార్ ఇంజనీరు నిన్ను తన వైపు లాక్కోవాలని చూస్తున్నాడు, బరువులాయన వైపు వెళ్ళావో నా దగ్గరికి రాకు.

నవంబర్లో పడాల్సిన తాళం, కుర్చీ మార్పులయ్యాక, ఇప్పటికి పడింది డిజైన్‌కి! పెద్ద సారు ఆఖరి డ్రాయింగ్ మీద సంతకం పెడుతుంటే అందరం బల్ల చుట్టూ నుంచున్నాం. ఓడలో ప్రతి ముక్కకీ డ్రాయింగ్‌లో ఒక పేరు రాయాలి. నీ కుర్చీ మెత్తకి ఏం పేరు పెట్టాలని అడిగారు. నేను నోరు తెరిచేలోపే చీఫ్ అన్నాడు, "■■■■■. ఇంకేం పేరుంటుంది? ఎటు పిలిస్తే అటు తిప్పుతుంది." అలాగే రాశారు. ఇప్పుడు ఈ రకం ఓడలన్నిటి డ్రాయింగుల్లోనూ అదే ఉంటుంది.

సెలవుల్లో రా. కుటుంబాలకి షెడ్డు చూపించే రోజు ఉంది, కత్తెర గారు నీ పేరు స్వయంగా గేటు లిస్టులో రాశాడు. చీఫ్ తన ఎడమ పక్క కుర్చీ నీకు అట్టిపెట్టాడు.

పిన్ని

* * *

ఇల్లు, మేడ మీది గది
ఫిబ్రవరి

పిన్నీ,

నీ ఉత్తరం తెరవగానే పైనే నల్ల మచ్చ! నాకేమైనా అయిందేమో, నా పేరు చెప్పకూడదేమో అని భయపడ్డా. తర్వాత కింద ఇంకో మచ్చ. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశా, ఏం కనిపించలేదు, మన కత్తెర గారు పని పక్కాగా చేస్తాడు. "ఎటు పిలిస్తే అటు తిప్పుతుంది" దగ్గర వెలిగింది. మేడ మీంచి కిందిదాకా అరుస్తూ దిగా. నాన్న పాఠం ఆపి, "ఏమైందే?" అన్నాడు. "నాన్నా, నా పేరు దేశ రహస్యం!" అన్నా. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్ళకి తెలీకపోయినా.

ఇన్నాళ్ళూ నా రహస్యం నేనొక్కదాన్నే మోశా పిన్నీ. ఇప్పుడు దాన్ని కాపలా కాయడానికి ఒక ఆఫీసరు, ఒక గేటు, ఒక నౌకాదళం ఉన్నాయి. చాలా తేలిగ్గా ఉంది.

సెలవులకి టికెట్లు తీసుకున్నాం. నాన్న కూడా వస్తున్నాడు. చీఫ్‌కి చెప్పు, నాకు ఎడమ పక్కన కూర్చోడానికి ఆయనకి తప్ప ఎవరికీ పర్మిషన్ లేదు. నాకు ఆయన మాట వినపడదు, ఆయనకి నా మాట వినపడదు, కాబట్టి అస్సలు పోట్లాడుకోం. అయ్యో, కాదు! ఆయన కుర్చీకి ఎడమ పక్క నేనుంటే నా కుడి చెవి ఆయన వైపు, ఆయన ఎడమ చెవి నా వైపు! పిన్నీ, మా ఇద్దరికీ అన్నీ వినపడతాయి! ఆయన ముందే లెక్కేసుకున్నాడు!

ఇట్లు,
నీ ■■■■■

(ఈసారి నేనే కొట్టేశా. కత్తెర గారికి సిరా మిగులుతుంది.)